బుక్ క్లబ్‌లో పిల్లలు జాలి దగ్గరే ఆగిపోతున్నారు, ఏం మార్చాలి?

కిమిడి_టీచర్ (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. మా హైస్కూల్లో 8, 9 తరగతుల పిల్లలతో ఒక బుక్ క్లబ్ నడుస్తోంది. మొత్తం 24 మంది. సగం మంది తెలుగిళ్ళ పిల్లలు, ఏడుగురు హాస్టల్లో ఉండి చదువుకునే సవర పిల్లలు, మిగతావాళ్ళు ఒడియావాళ్ళు. బడి ఒడియా మీడియం. అందుచేత తెలుగు పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ, పుస్తకం చేతికిస్తే నలుగురైదుగురే ధారాళంగా చదవగలరు.

క్లబ్ పెట్టింది కథల ద్వారా ఎదుటి మనిషి మనసు ఎలా ఉంటుందో పిల్లలు ఆలోచిస్తారని. తరగతిలో ఎవరి భాషవాళ్ళు ఒక గుంపుగా కూర్చుంటారు, ఆ గోడ కొంచెమైనా కరుగుతుందని. ప్రస్తుతం జరుగుతున్నది మాత్రం ఇది: కథ అయ్యాక "ఏమనిపించింది?" అని అడిగితే "పాపం సార్" అంటారు, వెంటనే ఎవరో ఒకరు నీతి చెప్పేస్తారు, అక్కడితో సరి. మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురే. సవర పిల్లలు అసలు నోరు విప్పరు. కొండ ఊరి అమ్మాయి గురించిన కథ వచ్చినప్పుడు గది అంతా వాళ్ళవైపే తిరిగి చూసింది, వాళ్ళు తలలు దించుకున్నారు.

నెలకు రెండు శనివారాలు, ఒక్కోసారి 45 నిమిషాలు దొరుకుతాయి. పుస్తకాలకు ఏడాదికి మూడు వేల రూపాయలు. ఎలాంటి కథలు ఎంచుకోవాలి, ఏ లిపిలో చదివించాలి, ఏం అడగాలి? ఇలాంటివి నడిపినవాళ్ళు వివరంగా చెప్తే మేలు చేసినవాళ్ళవుతారు.

నాగావళి_లైబ్రరీ (రాయగడ)

మాస్టారూ, ముందు గుంపు సంగతి. 24 మందిని ఒక్క వలయంలో కూర్చోబెడితే నలుగురే మాట్లాడడం మీ పిల్లల తప్పు కాదు, లెక్కే అంత. చర్చకు 25 నిమిషాలు మిగిలితే మనిషికి ఒక్క నిమిషం వస్తుంది, ఆ నిమిషాన్ని గొంతు పెద్దగా ఉన్నవాళ్ళు తీసుకుపోతారు. ఎనిమిదేసి మందితో మూడు వలయాలు చెయ్యండి. ఒక్కో వలయంలో మూడు భాషలవాళ్ళూ ఉండాలి. ఒక జాగ్రత్త: సవర పిల్లల్ని ఒక్కొక్కరిగా విడదీయకండి. ఒంటరిగా కూర్చున్న పిల్ల మాట్లాడదు, పక్కన తన మాట తెలిసిన ఇంకొకరుంటే గుసగుసగా మొదలుపెడుతుంది. ఏడుగురున్నారు కాబట్టి ఇద్దరు, ఇద్దరు, ముగ్గురు అని వెయ్యండి. ఆ జట్లు కనీసం మూడు నెలలు మారకూడదు. ప్రతిసారీ మారుస్తూ ఉంటే ప్రతిసారీ కొత్తవాళ్ళ ముందు కూర్చున్నట్టే ఉంటుంది, చనువు కుదరదు.

మూడు వలయాలకు మీరొక్కరే చాలరు. ఒక్కో వలయానికి ఒక విద్యార్థి నడిపేవాడు ఉండాలి. బాగా చదివేవాణ్ణి పెట్టకండి, అతను జవాబులు చెప్పేస్తాడు. ఓపిగ్గా వినేవాళ్ళను పెట్టండి. వాళ్ళతో ముందురోజు పావుగంట కూర్చుని, కథలో ఎక్కడ ఆపాలో పెన్సిల్‌తో గీత పెట్టించి, అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక చీటీ మీద రాయించండి. ఈ పావుగంట ఎగ్గొట్టిన శనివారం క్లబ్ మామూలు క్లాసులా జరుగుతుంది.

లిపి గొడవకు మందు గట్టిగా చదవడమే. "ఇంటి దగ్గర చదువుకు రండి" అంటే సగం మంది చదవరు, చదవలేనివాళ్ళు సిగ్గుతో రానే రారు. కథ అక్కడికక్కడే చదవాలి. మామూలు కథల పుస్తకంలో ఒక పేజీ నింపాదిగా చదవడానికి రెండు, రెండున్నర నిమిషాలు పడుతుంది. అంటే మీ 45 నిమిషాల్లో ఆరేడు పేజీల కథే పడుతుంది. దాదాపు 18 నిమిషాలు చదవడం, మధ్యలో రెండుచోట్ల ఆగి చీటీ రాయడానికి మూడేసి నిమిషాలు, మిగతాది మాట. నవల జోలికి ఈ ఏడాది వెళ్ళకండి. నెలకు రెండుసార్లు కలిసే గుంపు నవల మొదలుపెడితే, వెనకటి అధ్యాయం గుర్తుచెయ్యడానికే సగం సమయం పోతుంది.

ఎవరు ఏ లిపి చదవగలిగితే ఆ లిపిలోనే ఉండాలి కథ. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఒకే కథ తెలుగులోనూ ఒడియాలోనూ దొరికేవి చాలా ఉన్నాయి. అవి సీసీ బై 4.0 లైసెన్స్ కింద ఉంటాయి, రాసినవాళ్ళ పేరు, అనువాదకుల పేరు, బొమ్మలు వేసినవాళ్ళ పేరు కింద వేసి ఎన్ని కాపీలైనా ప్రింట్ తీసుకోవచ్చు. 8, 9 తరగతులకు అందులో నాలుగో స్థాయి కథలు చూడండి, కింది స్థాయివి మరీ చిన్నపిల్లలవి. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరసలో కూడా ఒకే పుస్తకం ఒకే బొమ్మలతో చాలా భాషల్లో వస్తుంది, ధర తక్కువ. తెలుగుకి "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ కేటలాగ్ తిరగెయ్యండి. మూడు వేలలో ముందు ఇద్దరికొక కాపీ చొప్పున పన్నెండు ప్రింట్లు తీయించి, మిగిలిన డబ్బు అసలు పుస్తకాలకు పెట్టండి. ఇద్దరికీ కలిపి ఒక కాపీ ఇవ్వడం పొదుపు కోసమే కాదు. తెలుగు మాట్లాడి ఒడియా చదివే పిల్లాడూ, తెలుగు చదవగలిగే పిల్లా ఒక పేజీ మీద తలలు వంచితే అక్కడే మాట మొదలవుతుంది.

ఇక మాట్లాడే నలుగురి సంగతి. ప్రతి ఒక్కరికీ మూడు చింతపిక్కలు ఇవ్వండి. మాట్లాడినప్పుడల్లా ఒకటి మధ్యలో పెట్టాలి. మూడూ అయిపోతే మిగతావాళ్ళవి కనీసం ఒక్కొక్కటి పడేదాకా వినాలి. "ఈసారి నేను వదిలేస్తాను" అన్నా పిక్క పెట్టొచ్చు, అది కూడా లెక్కే. ఇది నాలుగు సార్లకు మించి వాడకండి. ఎక్కువైతే పిక్కలు వదిలించుకోవడానికే ఏదో ఒకటి అనేసి ఊరుకుంటారు. మాట వంతు అలవాటయ్యాక తీసెయ్యండి.

బరంపురం_సైకాలజీ

పైన చెప్పిన ఏర్పాట్లన్నీ సరైనవే. కానీ ఏర్పాట్లు బాగున్నా ప్రశ్న తప్పయితే జాలి దగ్గరే ఆగుతుంది. ఉపాధ్యాయులు ఎక్కువగా అడిగే ప్రశ్న "నువ్వే ఆ స్థానంలో ఉంటే ఏం చేస్తావు?" అన్నది. వినడానికి ఎంతో బాగుంటుంది. దానితో జరిగేది ఏమిటంటే, పిల్లవాడు తన ఇల్లు, తన ధైర్యం, తన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని కథలోకి వెళ్తాడు. "నేనైతే ఎదిరిస్తాను సార్" అంటాడు. కథలో మనిషికి ఆ ధైర్యం చేసే వీలుందా లేదా అన్నది చూడనే చూడడు.

సామాజిక మనస్తత్వ శాస్త్రంలో ఈ తేడా మీద బాట్సన్, ఆయన సహచరులు 1997లో ఒక ప్రయోగం ప్రచురించారు. కష్టంలో ఉన్న మనిషి మాటలు వింటూ "ఆమెకు ఎలా ఉండి ఉంటుంది" అని ఊహించుకున్నవాళ్ళలో ఆమె పట్ల ఆదుర్దా పెరిగింది. "నాకే అలా జరిగితే" అని ఊహించుకున్నవాళ్ళలో ఆదుర్దాతో పాటు సొంత కలత కూడా పెరిగింది. కలతపడ్డ మనిషి దాన్నుంచి బయటపడే దారి వెతుక్కుంటాడు. పద్నాలుగేళ్ళ పిల్లలకు దొరికే దగ్గరి దారులు రెండే: నవ్వెయ్యడం, నీతి చెప్పెయ్యడం.

కాబట్టి ప్రశ్న ఎప్పుడూ కథలో మనిషి చుట్టూనే తిరగాలి. ఆ క్షణానికి ఆమెకు తెలిసింది ఏమిటి, తెలియనిది ఏమిటి? ఆమెకు ఏం కావాలి? ఏమంటే భయం? అప్పుడు ఆమె ముందున్న దారులు ఎన్ని? ప్రతి జవాబుకీ "ఇది ఏ వాక్యంలో కనపడింది?" అని అడగాలి. వాక్యం చూపించలేకపోతే అది ఊహ. ఊహ తప్పు కాదు, దాన్ని ఊహ అనే పిలవమనండి. ఇదొక్కటి పట్టుకుంటే "పాపం" దానంతట అదే తగ్గుతుంది, ఎందుకంటే ఆ మాటకు చూపించడానికి వాక్యం ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒడిశాలో చదివే పిల్లలకు బాగా తెలిసిన కథ ఫకీర్ మోహన్ సేనాపతి "రేబతి". 1898లో ఉత్కళ సాహిత్య పత్రికలో వచ్చింది. పల్లెలో ఒక ఆడపిల్లకు చదువు మీద ఆశ, తండ్రికి ఇష్టం, నాయనమ్మకు అయిష్టం. తర్వాత ఊరికి కలరా వస్తుంది, తండ్రి పోతాడు, తల్లి పోతుంది, ఇంటికి ఆధారాలు ఒక్కొక్కటే జారిపోతాయి. చదువు వల్లే ఇదంతా వచ్చిపడిందని నాయనమ్మ మనవరాల్ని తిడుతుంది. మామూలుగా చర్చ ఎలా సాగుతుందో మీకు తెలుసు: రేబతి పాపం, నాయనమ్మ చెడ్డది, ఆడపిల్లలకు చదువు అవసరం. మూడు నిమిషాల్లో ముగుస్తుంది.

దీన్నే తండ్రీ తల్లీ పోయిన చోట ఆపండి. "నాయనమ్మకు ఇప్పుడు తెలిసింది ఏమిటి?" అని చీటీ మీద రెండు వాక్యాలు రాయమనండి. కలరా క్రిమిని రాబర్ట్ కోచ్ 1884లో కలకత్తాలోనే గుర్తించాడు. అయినా ఆ సంగతి పల్లెలో వసారా మీద కూర్చున్న ముసలామెకు చేరే దారి ఏదీ లేదు. నీళ్ళ వల్ల వస్తుందని ఆమెకు తెలియదు. ఆమె కళ్ళారా చూసినవి రెండు సంగతులు: ఇంట్లో ఇదివరకెప్పుడూ లేని చదువు వచ్చింది, ఆ తర్వాత చావులు వచ్చాయి. కొడుకు పోయాడు, కోడలు పోయింది, మిగిలింది తనూ ఒక ఆడపిల్లా. ఆమెకు కారణం ఒకటి కావాలి. పిల్లలు ఇంతదూరం వచ్చేసరికి నాయనమ్మ తిట్టు వెనక భయం ఉందని వాళ్ళే చెప్తారు, మీరు చెప్పనక్కర్లేదు.

అక్కడ ఇంకో ప్రమాదం ఎదురుచూస్తుంటుంది. "అయితే నాయనమ్మ చేసింది రైటే సార్" అనేస్తారు. అందుకే బోర్డు మీద రెండు భాగాలు గీసి ఉంచండి. ఎడమవైపు "ఎందుకు అలా చేసింది", కుడివైపు "దానివల్ల ఎవరికి ఏమైంది". ఎడమవైపు నిండేదాకా కుడివైపు ముట్టుకోకూడదు. రెండూ నిండాక ఒకదాన్ని చెరిపి ఇంకోటి రాయకూడదు. ఒక మనిషిని అర్థం చేసుకోవడమూ, ఆ మనిషి చేసినదాని వల్ల రేబతికి జరిగిన అన్యాయాన్ని అన్యాయమని చెప్పడమూ ఒకే బోర్డు మీద పక్కపక్కన ఉండగలవు. పిల్లలకు అది కంటికి కనపడాలి.

కాపీల విషయంలో ఒక చిన్న మాట. ఫకీర్ మోహన్ 1918లో పోయారు కాబట్టి ఒడియా మూలానికి కాపీరైట్ లేదు. తెలుగు అనువాదానికి మాత్రం అనువాదకుల హక్కు వేరుగా ఉంటుంది, చూసుకుని తీసుకోండి. లేదంటే ఒడియా చదివే పిల్లలు పేరా పేరాకూ తెలుగులో చెప్పుకుంటూ పోవచ్చు. నెమ్మదిగా సాగుతుంది, పనికి ఆ నెమ్మదే మంచిది.

వంశధార_ఒడ్డు

బరంపురం మేడం గారు చెప్పిన పద్ధతి బాగుంది గానీ, మొదటి కథగా రేబతి వద్దని నా మాట. అన్ని చావులున్న కథతో మొదలుపెడితే కొత్తగా కూడిన గుంపు బిగుసుకుపోతుంది. మొదటి రెండు మూడు శనివారాలు చిన్న తగాదా కథలు తీసుకోండి. ఇద్దరు స్నేహితుల మధ్య అపార్థం, అన్నకీ చెల్లికీ సైకిల్ దగ్గర పేచీ, అలాంటివి. ఇద్దరిదీ సగం సగం న్యాయం ఉండాలి. కథ సగం నుంచి ఒక వలయం అన్న వైపు నుంచి, ఇంకో వలయం చెల్లి వైపు నుంచి చీటీలు రాసి మార్చుకోమనండి. ఆ కథల్లో ఎవరికీ దెబ్బ తగలదు, పిల్లలు పద్ధతి పట్టుకుంటారు. రేబతి లాంటిది నాలుగో నెలలో పెట్టినా ఆలస్యం కాదు.

ఇంకొకటి. కళ్ళు లేనివాళ్ళ కథ చదివి పిల్లల కళ్ళకు గంతలు కట్టి నడిపించే ఆట చాలా బళ్ళలో ఆడిస్తారు. అది చెయ్యకండి. పది నిమిషాల గంతలతో పిల్లలకు తెలిసేది చూపు ఇప్పుడే పోయినవాడి కంగారు. ఏళ్ళ తరబడి చూపు లేకుండా బతుకుతూ కర్రతో సంతకు వెళ్ళొచ్చే మనిషి నేర్పు వాళ్ళకు తెలియదు. ఆట అయ్యాక జాలి ఇంకాస్త పెరుగుతుంది, మీరు తగ్గించాలనుకుంటున్నది దాన్నే.

సిరొంచ_బడి (గడ్చిరోలి జిల్లా)

మా దిక్కు కూడా ఇదే ముచ్చట సార్. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, పక్కూరి పిల్లలది మాడియా. తెలుగు మాట్లాడే పోరలు దేవనాగరిలనే చదువుతరు. అందుకే లిపి గురించి నాగావళి వాళ్ళు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఒకే కథ రెండు లిపుల్ల పెట్టుకుంటెనే నడుస్తది.

నేను చెప్పేది మీ సవర పిల్లల గురించి. కొండ పిల్ల కథ వచ్చినప్పుడు గది అంత వాళ్ళ దిక్కు తిరిగిందని రాసిండ్రు. గది తిరిగింది కథ వల్లనే. అడవి మనుషుల మీద మైదానపోళ్ళు రాసిన కథలు ఎక్కువ శాతం ఒక తీరుగనే ఉంటయి: వాళ్ళు అమాయకులు, ఆకలితోని ఉంటరు, ఎవరో పట్నం సారు వచ్చి బాగు చేస్తడు. అటువంటి కథ చదివి మన పిల్లలు జాలి పడకుంట ఏం చేస్తరు? కథ నేర్పిందే అది.

కథ ఎంచుకునే ముందు నాలుగు సంగతులు చూసుకోండి. ఆ గిరిజన మనిషికి పేరు ఉన్నదా, లేక "ఒక కొండ పిల్ల" అనే ఉన్నదా? కథల ఆమె నోరు తెరిచి మాట్లాడుతదా? ఏదన్న ఒక నిర్ణయం ఆమె సొంతంగ తీసుకుంటదా? ఒక్కసారన్న నవ్వుతదా, ఎవరినన్న ఆట పట్టిస్తదా? నాలుగింట్ల మూడు లేకపోతే ఆ కథ పక్కన పెట్టండి. బొమ్మలు కూడ చూడండి. మిగతా పిల్లలకు చెప్పులుండి ఆ ఒక్క పిల్లకు లేకపోతే, అది కూడ కథ చెప్తున్నట్టే.

రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికా విద్యావేత్త 1990ల ఒక మాట రాసింది: పిల్లలకు పుస్తకాలు అద్దాలు కూడ కావాలె, కిటికీలు కూడ కావాలె అని. అద్దంల తమ బతుకు కనపడతది, కిటికీల నుంచి పక్కోళ్ళ బతుకు. మీ క్లబ్‌ల లెక్క తీసి చూడండి. తెలుగు, ఒడియా పిల్లలకు అద్దాలే ఎక్కువ ఉంటయి. సవర పిల్లలకు అన్నీ కిటికీలే, ఉన్న ఒక్క అద్దం వంకర. నాలుగు కథలకు ఒకటన్న వాళ్ళు తలెత్తుకుని చూసుకునేది ఉండాలె. స్టోరీవీవర్ల సవర భాషల పుస్తకాలు కూడ ఉన్నయి. చిన్న పిల్లలవే గానీ, సవర పిల్లలే గట్టిగ చదివి, అర్థం తెలుగుల, ఒడియాల చెప్పెటట్టు ఒక శనివారం పెట్టండి. ఆ రోజు భాష తెలియక తడుముకునేది మిగతా పదిహేడు మంది. మీ ఊరికి ఇది కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిల పంతులు పని చేసుకుంటనే సవర నేర్చుకుని, 1931ల సవర వ్యాకరణం అచ్చుకిచ్చిండ్రు.

ఆఖరుకు ఒకటి. "నువ్వు సవర పిల్లవు కదా, మీ దాంట్ల ఎట్ల ఉంటదో చెప్పు" అని ఎన్నడు అడగొద్దు. పద్నాలుగేండ్ల పిల్ల తన జాతి అంతటికి జవాబుదారి కాదు. ఆమె అంతట ఆమె చెప్తే వినండి, మల్ల "అందరు ఇట్లనే చేస్తరా?" అని ఎవరన్న అడిగితే "ఆమె వాళ్ళింటి సంగతి చెప్పింది" అని మీరే సర్దండి.

కిమిడి_టీచర్

అందరికీ ధన్యవాదాలు. బోర్డు రెండు భాగాల పద్ధతీ, కథ ఎంచుకునే ముందు చూడాల్సిన నాలుగు సంగతులూ రేపే రాసి పెట్టుకుంటాను. ఇంకా రెండు సందేహాలు. వలస కూలీల మీద ఒక కథ అనుకున్నాం. గంజాం నుంచి వచ్చి మా దగ్గర చదువుతున్న ఇద్దరు పిల్లల నాన్నలు సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తున్నారు. ఆ కథ పెట్టొచ్చా, మానెయ్యాలా? రెండోది, హెడ్మాస్టరు గారు ఏడాది చివర్లో "పిల్లల్లో మార్పు వచ్చిందని ఎలా చూపిస్తారు?" అని అడుగుతున్నారు. మార్కులు వెయ్యాలా?

గుణుపురం_కౌన్సెలర్

మాస్టారూ, మొదటి ప్రశ్నకు జవాబు: పెట్టొచ్చు, ముందు ఆ ఇద్దరికీ చెప్పి. క్లబ్‌కు నాలుగైదు రోజుల ముందు విడిగా, నడుస్తూ మాట్లాడినట్టు చెప్పండి. "వచ్చే శనివారం సూరత్ వెళ్ళిన నాన్న కథ ఉంది. నీకు ఇబ్బందైతే వేరే కథ పెడదాం, లేదా ఆ రోజు నువ్వు వలయం నడిపే పని చూసుకో" అనండి. గది మధ్యలో అడిగితే ఎవరూ ఇబ్బంది అని చెప్పరు. చాలామంది పిల్లలు పెట్టమనే అంటారు, ముందుగా అడగడమే వాళ్ళకు కావలసింది. కథ చదివేటప్పుడు పైన చెప్పిన ప్రశ్నలన్నీ కథలోని నాన్న మీదే ఉండాలి: పన్నెండు గంటల షిఫ్ట్‌లో నిలబడ్డవాడికి ఇంటికి ఫోన్ చేసే వీలు ఎప్పుడు, ఫోన్‌లో ఏం చెప్తాడు, ఏం దాస్తాడు. "మీలో ఎవరింట్లో ఇలా జరిగింది?" అన్న ప్రశ్న క్లబ్‌లో ఎప్పుడూ రాకూడదు. ఆ ప్రశ్నకు చెయ్యెత్తిన పిల్ల సోమవారం పొద్దున్న బడి అంతటికీ కథ అయిపోతుంది. గదిలో విన్నది గదిలోనే ఉండాలని పిల్లల చేత అనిపించండి, కానీ పద్నాలుగేళ్ళవాళ్ళు ఆ మాట నిలబెట్టుకుంటారని నమ్మి దాని మీద ఏదీ కట్టకండి.

దీనికి ముడిపడ్డ సంగతి ఒకటి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు, అది చాలా ముఖ్యం. కథలు మనసు తెరుస్తాయి. ఎప్పుడో ఒకప్పుడు ఒక పిల్ల క్లబ్ అయ్యాక వెనకబడి, తన మీద జరుగుతున్నది ఏదైనా చెప్తుంది. అప్పుడు "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. లైంగిక నేరం సంగతైతే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన మనిషి పోలీసులకు తెలియజేసి తీరాలి, ఉపాధ్యాయులకూ అది వర్తిస్తుంది. "నువ్వు చెప్పడం మంచిదైంది. నీకు సాయం చేయగలవాళ్ళకు మాత్రం చెప్పాలి, నీకు తెలియకుండా ఏదీ చెయ్యను" అనండి. గుచ్చి గుచ్చి అడగకండి, ఆమె అన్న మాటలు ఆమె అన్నట్టే తేదీ వేసి రాసి పెట్టండి. మిగతా కష్టాలకు 1098 పిల్లల హెల్ప్‌లైన్ ఉంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ నంబరు క్లబ్ గది గోడ మీద మొదటి రోజు నుంచే ఉండాలి, మూడు లిపుల్లో.

మార్కుల సంగతి. వెయ్యొద్దు, సర్టిఫికెట్లూ వద్దు. "అత్యంత దయగల విద్యార్థి" అని బహుమతి పెట్టారంటే, ఆ మర్నాటి నుంచి పిల్లలు దయ చూపించడం మొదలుపెడతారు, వినడం మానేస్తారు.

హెడ్మాస్టరు గారికి పెద్ద మాటలు కూడా చెప్పకండి. సాహిత్య కథలు చదివితే ఎదుటివాళ్ళ మనసు పసిగట్టే శక్తి పెరుగుతుందని కిడ్, కస్తానో అనే పరిశోధకులు 2013లో సైన్స్ పత్రికలో రాసినప్పుడు పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. 2016లో వేరే బృందాలు అదే ప్రయోగం మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. ఒక కథ చదివించేస్తే మనసు మారిపోతుందని గట్టిగా చెప్పలేం. అందుకే చదివించడంతో ఆపకుండా, ఆగి ఆలోచించే పని మీద ఇంత శ్రమ పెట్టాలి.

చూపించదగ్గవి వేరే ఉన్నాయి. చీటీలు పారెయ్యకండి. ప్రతి పిల్ల పేరుతో ఒక కవరు పెట్టి, ఒకే కథలో మొదటి ఆగుదల చీటీ, రెండో ఆగుదల చీటీ కలిపి దాచండి. రెండింటి మధ్య మనిషి మీద మాట మారిందా, మారితే దానికి కథలో వాక్యం చూపించిందా? మొదటి ఆగుదల దగ్గర "నాయనమ్మ చెడ్డది" అని రాసిన చెయ్యి రెండో ఆగుదల దగ్గర "ఆమెకు నీళ్ళ సంగతి తెలీదు, అయినా పిల్లని తిట్టకూడదు" అని రాస్తే, ఆ రెండు చీటీలూ హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టండి. అందరూ అలా మారరు, మారనివాళ్ళ చీటీలూ కలిపే పెట్టండి. దానితో పాటు ప్రతి శనివారం వలయం నడిపే పిల్లవాడితో ఒక కాగితం మీద గీతలు పెట్టించండి: ఎంతమంది మాట్లాడారు, ఎన్నిసార్లు ఒకరు ఇంకొకరి మాట పట్టుకుని ప్రశ్న అడిగారు. మొదట్లో పిల్లలు నడిపేవాడివైపు చూసే మాట్లాడతారు, ఒకరినొకరు అడగడం దాదాపు ఉండదు. ఆ రెండో వరసలో గీతలు పెరుగుతుంటే క్లబ్ నడుస్తున్నట్టు. రెండు నెలలైనా అది కదలకపోతే కథ పొడవు తగ్గించి చూడండి, సాధారణంగా అక్కడే ఉంటుంది లోపం: చదవడానికే సమయమంతా పోయి, మాటకు పది నిమిషాలు కూడా మిగలదు.

హాస్టల్ పిల్లల విషయంలో ఒక చిన్న ఏర్పాటు కూడా చెయ్యండి. వార్డెన్ గారిని అడిగి, చదివేసిన పుస్తకాలు ఒక ట్రంకు పెట్టెలో హాస్టల్లోనే ఉంచే వీలు చూడండి. ఊళ్ళో ఉండే పిల్లలకు సాయంత్రం ఇంకో పుస్తకం దొరుకుతుంది, వాళ్ళకు దొరకదు. పెట్టె తాళం ఆ ఏడుగురిలోనే ఒకరి దగ్గర ఉండనివ్వండి. పుస్తకం చిరిగితే లెక్క అడగనని ముందే చెప్పండి, లేకపోతే భయపడి ఎవరూ తియ్యరు.